సముద్రం పువ్వుకు ఉప్పెక్కువైంది

దేవరకొండ బస్టాండుకు ఎదురుగా ఉన్న లింగస్వామి హోటల్లో తెల్లారేసరికి రెండు పనులు జరిగిపోవాలి. మొదటిది, పొయ్యి మీద సాంబారు గంజు ఉడుకు పట్టాలి. రెండోది, ఆ సాంబారును లింగస్వామి అరచేతిలో చుక్క వేసుకుని నాకి, కళ్లు మూసుకుని, "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" వినిపించాకే ఇడ్లీ పాత్ర మూత లేస్తుంది. సాంబారులో ఉప్పు ఎంత ఉండాలో తనకు తెలిసినట్టు ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. నమ్మకమని మర్యాదకు అంటున్నాం గానీ, అది పొగరే.

ఆ రోజు "ఊఁ" అన్నాడు గానీ కళ్లు మూసుకోలేదు. గంటె పక్కన పెట్టి, భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ హోటలు వెనకే ఉన్న ఇంట్లోకి నడిచాడు. హాల్లో గోడవారగా పొడుగాటి అద్దాల తొట్టి ఉంది. దానికి పైన నీలం లైటు, పక్కన గుర్రుమనే మోటారు, నీళ్లు వేడెక్కకుండా ఎదురుగా టేబుల్ ఫ్యాను. ఆ ఎండాకాలం ఇంట్లో మనుషులకు దొరకని గాలి ఆ తొట్టికి దొరుకుతోంది.

తొట్టి మధ్యలో పిడికెడంత రాయి, ఆ రాయిని ఒంటికాలితో కరిచి పట్టుకుని కూర్చున్న సముద్రం పువ్వు. నిజానికి అది పువ్వు కాదు, ప్రాణమున్న జంతువు. ఎనిమోన్ అంటారని కూతురు అక్షిత చెప్పింది. నోరు తిరగక లింగస్వామి భార్య ప్రమీలమ్మే దానికి సముద్రం పువ్వు అని పేరు పెట్టుకుంది. బాగున్నప్పుడు పళ్లెమంత విచ్చుకుని, లేత వేళ్లలాంటి రెక్కలు నీళ్లలో ఊపుతూ ఉండేది. నారింజ రంగు ఒంటికి తెల్లపట్టీలున్న రెండు జోకర్ చేపలు దాని ఒళ్లో దొర్లుతూ ఆడేవి. ఇప్పుడది ఎండు నిమ్మకాయంత అయ్యింది. నోరు తెరుచుకుని వేలాడుతోంది. చేపలు రెండూ దిక్కులేనట్టు ఓ మూలకు చేరాయి.

"ఇయ్యాల గూడ విచ్చుకోలేదానె?" అన్నాడు లింగస్వామి.

"లే. నిన్న పెట్టిన రొయ్య ముక్క గూడ కక్కేసింది." ప్రమీలమ్మ తొట్టి ముందర కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. కళ్ల నీళ్లు ఉల్లిగడ్డలవో కావో చెప్పడం కష్టం. "బిడ్డకు ఫోన్ చేస్తనయ్యా. చూసుకుంట కూసుంటమా?"

"వద్దు."

"ఫోటో అన్న పంపుత."

"వద్దంటి గద! ఎండకు వాడింది. మనం వాడుతలేమా? జర సల్లబడితే గదే లేస్తది."

అంటూనే మూలనున్న నీలం డ్రమ్ములోంచి చెంబుతో ఉప్పునీళ్లు ముంచి తొట్టిలో గీత దాకా పోశాడు. పైన ఎండ, ఎదురుగా ఫ్యాను. తెల్లారేసరికి తొట్టిలో నీళ్లు వేళ్ల మేర ఇంకిపోతున్నాయి. వాటిని నింపడం ఇప్పుడు ఆయన పని. అక్షిత వదిలి వెళ్లిన సముద్రపు ఉప్పు డబ్బాలోంచి ఉప్పు తీసి, క్యాన్ నీళ్లలో తన చేత్తోనే కలుపుతాడు. పసిపిల్లకు పాలు కలిపేటప్పుడు కూడా ఆయన అంత శ్రద్ధ చూపలేదని ప్రమీలమ్మ అంటుంది.

ఎండలు ముదరక ముందు ఆ పని ఆమెదే. ఫిల్టర్ ప్లాంటు నుంచి వచ్చే తాగునీళ్ల క్యాను వంచి, ఒట్టి నీళ్లే పోసేది. ఒక రోజు అది లింగస్వామి కంట పడింది.

"సముద్రంల పుట్టినదానికి సప్పటి నీళ్లు పోస్తున్నవేందే? ఉప్పులేని కూడు నువ్వు తింటవా?"

"బిడ్డ గట్లనే చెప్పిందయ్యా. నీళ్లు తగ్గితే మంచినీళ్లే పొయ్యమన్నది."

"గామెకేం తెల్సు? ఉప్పు సంగతి నాకు చెప్తదా?"

అంతే. చెంబు ఆయన చేతికి మారింది.

ఉప్పు సంగతే కాదు, ఏ సంగతీ తండ్రికి చెప్పే వీలు లేకుండా అయ్యింది అక్షితకు. ఒక్కతే కూతురు. పెబ్బేరు కాలేజీలో చేపల చదువు చదివింది. చదువు కాగానే సర్కారు కొలువు వస్తుందనీ, జీపులో వచ్చి హోటలు ముందు దిగుతుందనీ లింగస్వామి ఇడ్లీ తినడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఆ పిల్లేమో తనతో చదివిన స్నేహితురాలు అల్మాస్‌తో కలిసి నల్లగొండలో దుకాణం పెడతానంది. ఏం దుకాణం? సముద్రపు చేపలు, ఉప్పునీళ్ల తొట్లు.

"తాగేతందుకు మంచినీళ్లు లేక ఎముకలు వంగిన జిల్లా ఇది," అన్నాడు తండ్రి. "ఈడ సముద్రాన్ని అమ్ముతవా?"

"అమ్ముత బాపు. నాకు చేతనైన పని అదే."

"నలుగురికి నేనేమని చెప్పుకోవాలె?"

"జీపుల దిగుతదని నన్నడగకుండనే చెప్పుకున్నవు గద. గిది గూడ నువ్వే చెప్పుకో."

ఆ మాట లింగస్వామికి సూదిలా దిగింది. నిజం కాబట్టే దిగింది. "పో, పో! పోతే మల్ల నా గడప తొక్కకు," అనేశాడు. అన్నాక వెనక్కి తీసుకుందామంటే నోరు రాలేదు.

అక్షిత బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో ఆగింది. తండ్రి వైపు చూడలేదు. "తొట్టి ఇప్పుడు తీస్కపోలేనమ్మా. పువ్వు కాలు గట్టిగ పట్టుకున్నది. పీకితే కాలు చిరిగి సస్తది. అది వదిలిన దినం తీస్కపోత. గప్పటిదాక ఆదివారం ఆదివారం వచ్చి చూస్కుంట," అని తల్లితో చెప్పి బస్సెక్కింది.

అన్నట్టే వచ్చేది. ఆదివారం హోటలు కిటకిటలాడుతుంది, పెనం దగ్గర్నుంచి లింగస్వామి కదలలేడు. ఆమె సందులోంచి ఇంట్లోకి వచ్చి, తొట్టి కడిగి, నీళ్లు మార్చి, తల్లితో కబుర్లు చెప్పి వెళ్లిపోయేది. తండ్రికీ కూతురికీ మధ్య ఒక్క గోడ. ఆ గోడ అవతల్నుంచి కూతురి నవ్వు వినిపిస్తే ఆయన దోశ తిప్పడం మరిచిపోయేవాడు. ఆ ఆదివారాల్లో మాత్రం కూతురు రాకముందే చిన్న గిన్నెలో విడిగా సాంబారు తీసి, అందులో బెల్లం ముక్క వేసి, "నీకే," అని ఇంట్లో భార్యకు ఇచ్చి వచ్చేవాడు. ప్రమీలమ్మకు సాంబారులో తీపి పడదు. పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. అయినా ఆమె ఏమీ అనకుండా గిన్నె అందుకునేది. సాయంత్రం ఆ గిన్నె ఖాళీగా వచ్చేది.

ఎండలు ముదిరాక ఆ ఆదివారాలు ఆగిపోయాయి. "కరెంటు ఎప్పుడు పోతదో తెలుస్తలేదమ్మా. మోటార్లు ఆగితే దుకాణంల చేపలన్నీ పోతయి. అల్మాస్ ఒక్కతి సంబాళించలేదు. మన పువ్వెట్లున్నది?" అని ఫోన్లో అడిగితే, ఎదురుగా నిలబడి చేతులూ తలా అడ్డంగా ఊపుతున్న మొగుణ్ని చూస్తూ ప్రమీలమ్మ, "మంచిగనే ఉన్నది బిడ్డా," అంది. ఆ అబద్ధం చెప్పినప్పటి నుంచి ఆమెకు ముద్ద సరిగా దిగడం లేదు.

ఆ మధ్యాహ్నం హోటలు మూసి లింగస్వామి అన్నానికి వచ్చేసరికి పళ్లెం బోర్లించి ఉంది. ప్రమీలమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"కూడు పెట్టవా?"

"పెడత. ముందుగాల నాకు జవాబు చెప్పు. గా పువ్వు సస్తాంది. నీకు కనిపిస్తాంది, నాకు కనిపిస్తాంది. దాన్ని బతికించెటామె నల్లగొండల ఉన్నది, ఫోన్ చేస్తే ఎత్తుతది. ఎందుకు చెయ్యనిస్తలేవు? నీ పంతం కోసం మూగ ప్రాణం పోవాల్నా?"

"పంతం కాదే."

"మరేంది? బిడ్డ మీద కోపమా?"

"కోపం ఎప్పుడో సల్లారింది."

"మరి చెప్పవయ్యా! నాతోని అబద్ధమాడించినవు. బిడ్డ మొకం ఎట్ల చూడాల్నో తెలుస్తలేదు నాకు."

లింగస్వామి తువ్వాలు భుజం మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. దాని అంచు వేలికి చుట్టాడు, విప్పాడు. 

"బాగలేదని తెలిస్తే గామె వస్తది. ఈడ బతకదని తన దుకాణానికి తీస్కపోతది. తీస్కపోతే మల్ల మనింటికి ఎందుకొస్తది ప్రమీలా? గడప తొక్కకని నేనే అంటిని. గా పువ్వు ఉన్నది గాబట్టి తొక్కుతాంది. గది పోయిన్నాడు ఇగ ఏం సాకు పెట్టుకుని వస్తది?"

ప్రమీలమ్మ స్తంభం వదిలి లేచింది. రొయ్యను గోరంత ముక్కలు కోసి, పట్టకారుతో పువ్వు నోటికి అందించే ఈ మనిషిని చూసి ఇన్నాళ్లూ ముసలితనంలో కొత్త సోకు అనుకుని ఆటపట్టించింది. పళ్లెం తిరగేసి అన్నం వడ్డించింది. ఇద్దరూ సగం తిని లేచారు.

మర్నాడు పొద్దున సాంబారు పొయ్యి మీద పెట్టి లింగస్వామి తొట్టి దగ్గరికి వెళ్లాడు. వెళ్లినవాడు అక్కడే ఉండిపోయాడు. పువ్వు ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది, కానీ రాయిని వదల్లేదు. "పట్టుకో బిడ్డా, గట్టిగ పట్టుకో," అని అద్దానికి నుదురానించి గొణిగాడు. ఎవరికి చెబుతున్నాడో ఆయనకే తెలియదు. హోటల్లోంచి కేక వినపడేదాకా కదల్లేదు.

"లింగస్వామీ! ఇయ్యాల సాంబారు సముద్రం నుంచి మోసుకొచ్చినవా ఏంది?"

కేక వేసింది కాటమయ్య. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాక కూడా బస్టాండు వదల్లేక రోజూ మొదటి ప్లేటు ఆయనే తింటాడు. లింగస్వామి గాబరాగా వచ్చి చూస్తే, మంట తగ్గించడం మరిచిన పొయ్యి మీద సాంబారు మరిగి మరిగి సగానికి దిగింది. నాకి చూశాడు. నాలుక మీద ఉప్పు మంటలా తగిలింది.

"ఉప్పు రెండుసార్లేసినవా?" అన్నాడు కాటమయ్య.

"లే అన్నా. ఒక్కసారే ఏసిన. మరిగి నీళ్లు పోయినయి, ఉప్పు మిగిలింది. జర ఆగు, ఒట్టి నీళ్లు పోస్తే సరి..."

వేడినీళ్ల చెంబు గంజు మీద అలాగే ఆగిపోయింది.

నీళ్లు పోయాయి, ఉప్పు మిగిలింది. తొట్టిలోనూ రోజూ పోయింది నీళ్లే, ఉప్పు ఎక్కడికీ పోలేదు. ఉన్న ఉప్పు మీద మళ్లీ ఉప్పునీళ్లు, మర్నాడు మళ్లీ ఉప్పునీళ్లు. ఎండాకాలమంతా, ప్రేమగా, తన చేత్తో. సాంబారులో పొరపాటున కూడా చెయ్యని పనిని ఆ మూగజీవి మీద చేశాడు.

"ఏమైంది? పొయ్యవేంది?" అంటున్నాడు కాటమయ్య. లింగస్వామి చెంబు ఆయన చేతికే ఇచ్చి లోపలికి పరుగెత్తాడు.

తాగునీళ్ల క్యాను ఎత్తి తొట్టి మీద వంచబోతుంటే ప్రమీలమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది. ఆయన ఆయాసపడుతూ సంగతి చెప్పాడు. ఆమె విన్నది. క్యాను మూతి మీద మాత్రం చెయ్యి తియ్యలేదు.

"ఆగు. అడగకుండ ఒకసారి చేసిన కాడికి సాలు. గిన్ని నీళ్లు ఒక్కపాలె పోస్తే ఏమైతదో నీకు తెల్సా?"

"తెల్వది."

"తెల్సినామెను అడుగు." ఫోను ఆయన చేతిలో పెట్టి, నంబరు కూడా తనే నొక్కింది.

"చెప్పమ్మా," అంది అవతల అక్షిత.

లింగస్వామి గొంతు సవరించుకున్నాడు. మళ్లీ సవరించుకున్నాడు.

"అమ్మా? వినిపిస్తలేదు."

"నేను బిడ్డా."

 అవతల మోటార్ల చప్పుడు మధ్యలోంచి నెమ్మదిగా, "బాపు?" అంది.

"ఉప్పెక్కువైంది బిడ్డా," అన్నాడు లింగస్వామి. ఇన్ని నెలల తర్వాత ఆయన కూతురికి చెప్పుకున్న మొదటి సంగతి అదే. ఆ తర్వాత మాటలు వరదలా వచ్చాయి. సప్పటి నీళ్లు వద్దన్నదీ, చెంబు లాక్కున్నదీ, అమ్మ చేత అబద్ధం ఆడించిందీ అన్నీ చెప్పేశాడు. అక్షిత అంతా విన్నది. చివరికి, "పువ్వు రాయిని పట్టుకునే ఉన్నదా?" అని మాత్రం అడిగింది.

"పట్టుకునే ఉన్నది."

"అయితే ఫికర్ చెయ్యకు. ఒక్కసారే పొయ్యకు బాపు, తట్టుకోదు. తొట్టిల నీళ్లు ఒక గిలాస తియ్యి, గంతే మంచినీళ్లు పొయ్యి. జరసేపు ఆగి మల్ల గట్లనే. నేను బస్సెక్కుతున్న."

ఆ రోజు దేవరకొండ బస్టాండులో దిగిన అక్షిత సందు వైపు పోలేదు. హోటలు ముందు నుంచే, కాటమయ్య చూస్తుండగానే, లోపలికి నడిచింది. ఇంట్లో తండ్రి చొక్కా చేతులు పైకి మడిచి, తొట్టి పక్కన స్టూలు మీద గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఒకరినొకరు చూసుకున్నారు. "చిక్కిపోయినవు," అన్నాడాయన. "నువ్వు గూడ," అందామె. 

బ్యాగులోంచి ఉప్పు కొలిచే చిన్న గొట్టం తీసి, దాని అద్దం మీద తొట్టి నీటి చుక్క వేసి, వెలుతురు వైపు పట్టి చూసింది. తర్వాత తండ్రి కంటికి ఆనించింది. "నీలం, తెలుపు కలిసే అంచు ఎక్కడిదాక ఎక్కిందో చూడు. మామూలుగ గా పెద్ద గీత కాడ ఆగాలె."

"గీత దాటింది."

"శాన దాటింది బాపు."

"నాలుకతోని నాకి చూస్తి గద నేను. సముద్రం గిట్లనే ఉంటదనుకుంటి."

"నువ్వు సముద్రం ఎన్నడు చూసినవు?" అంది అక్షిత. నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. నవ్వుతున్నదల్లా ఉన్నట్టుండి తల్లి భుజం మీద ముఖం దాచుకుంది. "మంచిగనే ఉన్నదన్నవు గదమ్మా నువ్వు," అంటూ ఏడ్చింది.

"అమ్మనేమనకు," అన్నాడు లింగస్వామి. "నేనే వద్దన్న."

పొద్దు వాలేదాకా తండ్రీ కూతుళ్లు వంతులవారీగా గ్లాసుతో నీళ్లు తీశారు, గ్లాసుతో పోశారు. పువ్వు తెరిచిన నోరు మూసుకుంది గానీ విచ్చుకోలేదు. అది మంచి గుర్తేనని అక్షిత చెప్పినా లింగస్వామికి నమ్మకం కుదరలేదు. లేచి వెళ్లి తెల్ల బకెట్టు ఒకటి రుద్ది కడిగి తెచ్చి కూతురి ముందు పెట్టాడు.

"ఏంది బాపు?"

"తీస్కపో. నీ దుకాణంలనే బతుకుతది. ఈడ ఉంటే నేను మల్ల ఏదో ఒకటి చేస్త. కాలు చిరగకుండ ఎట్ల తీస్తవో తియ్యి. కావాలంటే తొట్టి అద్దం పలగ్గొట్టు, నేనేమన." బకెట్టును ఆమె వైపు జరిపాడు. "నువ్వు రాకున్నా సరే, అది బతకాలె."

"నేను రాకుండ ఎందుకుంట?"

లింగస్వామి బకెట్టు వైపే చూస్తున్నాడు. ప్రమీలమ్మ చెప్పింది. "పువ్వు పోతే నువ్వు రావని ఆయన భయం బిడ్డా. గందుకే నీకు చెప్పనియ్యలే."

 అక్షిత మోచేతి దాకా నీళ్లలో చెయ్యి పెట్టి, ఆ పిడికెడు రాయిని పువ్వుతో సహా అరచేతిలోకి తీసుకుని, కొద్దిగా పైకెత్తింది. రాయి తేలిగ్గా లేచింది. దాని మీద పువ్వు కదలకుండా కూర్చుని ఉంది. మళ్లీ ఉన్నచోటే దించింది.

"ఇది అద్దాన్ని పట్టుకోలే బాపు. రాయిని పట్టుకున్నది. రాయితోని సహా ఎత్తి బకెట్ల పెట్టుకుంటే అయిపాయె."

లింగస్వామి నోరు తెరిచి చూశాడు. "మరి... నువ్వు పొయ్యిన దినమే తీస్కపోవచ్చు గద?"

"పోవచ్చు."

"మరెందుకు తీస్కపోలే?"

అక్షిత తడి చెయ్యి చున్నీకి తుడుచుకుంది, తుడిచిన చేతినే మళ్లీ మళ్లీ తుడుచుకుంది. "తీస్కపోతే మల్ల ఏం సాకుతోని వస్తును బాపు?" అంది.

ఆ మాటకు లింగస్వామి ఏడ్చాడు. చిన్నప్పుడు తల్లి పోయినప్పుడు తప్ప ఏడ్చి ఎరగని మనిషి, బకెట్టు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "నా గడప కాదు బిడ్డా, నీ గడప. గా దినం నా నోరు మంచిది కాదు," అన్నాడు. ప్రమీలమ్మ బకెట్టును ఆయన చేతిలోంచి లాక్కుని పెరట్లో పడేసి వచ్చింది.

ఆ రాత్రి అక్షిత ఇంట్లోనే పడుకుంది. పొద్దున్నే ప్రమీలమ్మ కేకతో ఇద్దరూ లేచారు. పువ్వు సగం విచ్చుకుంది. ఇదివరకటి పళ్లెమంత కాలేదు, చాయ్ సాసరంత ఉందేమో. రెక్కలు నెమ్మదిగా ఊగుతున్నాయి. జోకర్ చేపల్లో చిన్నది దూరం నుంచి వచ్చి ఒకసారి తగిలి చూసి, వెనక్కి పోయి, మళ్లీ వచ్చి దాని ఒళ్లో దూరింది.

"ఆదివారం హోటల్ బంద్ పెడత," అన్నాడు లింగస్వామి దాన్నే చూస్తూ. "నల్లగొండ వస్త. నీ దుకాణం చూడాలె. గా అల్మాస్ బిడ్డకు ఇడ్లీ ఇష్టమేనా?"

"మస్తు ఇష్టం."

హోటల్లో గంజు ఉడుకు పట్టింది. లింగస్వామి గంటెతో సాంబారు తీసి, అలవాటుగా తన అరచేయి చాచి, ఆగాడు. పక్కన నిలబడ్డ కూతురి చెయ్యి తీసుకుని, ఊది చల్లార్చి, ఆ చేతిలో చుక్క వేశాడు. కాటమయ్యతో సహా అందరూ "ఊఁ" కోసం ఎదురు చూస్తున్నారు.

అక్షిత నాకి, కళ్లు మూసుకుంది. చాలాసేపు మూసుకునే ఉంది. "ఊఁ" అనలేదు.

"ఉప్పు సరిపోయింది బాపు. బెల్లం మరిచినవు," అంది.

లింగస్వామి పొగ కళ్లలో పడిందని అటు తిరిగి, బెల్లం ముక్క తీసి గంజులో వేశాడు. ఆ రోజు దేవరకొండ బస్టాండులో దిగినవాళ్లంతా తీపి సాంబారే తిన్నారు.